చెన్నైలో పాత బంగారం అమ్మాలి, ఒక్కో షాపులో ఒక్కో లెక్క చెబుతున్నారు. తేడా ఎక్కడ కొడుతోంది?

నెల్లూరు పిల్ల

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, ఉండేది వేళచ్చేరిలో. మేడవాక్కం వైపు ఒక ఫ్లాట్ చూశాం, డౌన్ పేమెంట్‌కి కాస్త తక్కువ పడుతోంది. అందుకని నా నగలు కొన్ని అమ్మేద్దామని నేనే అనుకున్నా. మా ఆయన వద్దనే అన్నారు, ఆ గొడవ ఇంట్లో అయిపోయింది, కాబట్టి దయచేసి ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టొద్దు.

ఉన్నవి ఇవీ. అమ్మ నా పెళ్ళికి ఇచ్చిన కాసుల పేరు, 56 గ్రాములు, అంటే సరిగ్గా ఏడు సవర్లు. అమ్మ దాన్ని 1994లో నెల్లూరులో తెలిసిన ఆచారి గారి దగ్గర చేయించుకుంది, బిల్లూ లేదు, ముద్రా లేదు. తర్వాత కెంపుల నెక్లెస్, వెనక లక్క పోసింది, మొత్తం బరువు 48. 2015లో కొన్న నాలుగు గాజులు, 32 గ్రాములు, లోపల 916 ముద్ర (అంటే 22 క్యారెట్) ఉంది, బిల్లు కూడా దాచుకున్నా. చివరగా 2019లో మోజుపడి కొన్న డైమండ్ కమ్మలు, బిల్లు లక్షా ఎనభై అయిదు వేలు.

పోయిన శనివారం మూడు చోట్లకి వెళ్ళాను. బంగారం రేటు రోజూ ఎగిరెగిరి పడుతోంది కదా, అందుకని బోర్డు మీద 22 క్యారెట్ రేటు 100 అనుకుని చెబుతా. టి.నగర్‌లో ఉస్మాన్ రోడ్డు మీద పెద్ద షాపులో కాసుల పేరుని మిషన్‌లో పెట్టి 86 టచ్ (అంటే నూటికి 86 వంతులు బంగారం) అన్నారు, కరిగిస్తే తరుగు పోతుందని 3 శాతం బరువు తీశారు, పాత బంగారం కొనే రేటు వేరని ఇంకో 4 శాతం తీశారు, అన్నీ పోగా గ్రాముకి 87 పడింది. అదే షాపులో కొత్త నగ తీసుకుంటే 91 ఇస్తారట. మా ఇంటి దగ్గర 'తాకట్టు నగలు విడిపించి కొంటాం, స్పాట్ క్యాష్' అని బోర్డు పెట్టుకున్న ఆఫీసులో 79 అన్నారు, జీఎస్టీ 3 శాతం అందులోనే పోతుందట. మూడోది సౌకార్‌పేటలో చిన్న కొట్టు, అక్కడ మిషన్‌లో 89 టచ్ వచ్చింది. ఆయన 'కరిగించి చూసి ధర చెబుతానమ్మా' అన్నాడు. నాకు భయమేసి పట్టుకొచ్చేశాను.

ఒకే నగ, ఒకే రోజు, ఒకచోట 86, ఒకచోట 89 ఎలా వస్తుంది? కెంపుల నెక్లెస్‌కి రాళ్ళు, లక్క కలిపి 12 గ్రాములు తీసేస్తామని కంటితో చూసి చెప్పారు, అది కరెక్టేనా? కమ్మలకి డెబ్భై వేలు అన్నారు, అది విన్నాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తాంబరం తమ్ముడు

అక్కా అమ్మొద్దు. బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకోండి. బంగారం ఇంకా పెరుగుతుంది.

నెల్లూరు పిల్ల

తమ్ముడూ, ఇంటి ఈఎంఐ మీద నగల వడ్డీ కూడా నెత్తిన పెట్టుకుంటే అది నువ్వు కడతావా? వద్దన్న గొడవే మళ్ళీ తెచ్చావు.

ఆచారి గారబ్బాయి

మాది కంసాలి కుటుంబం. నాన్న సౌకార్‌పేటలో ముప్ఫై ఏళ్ళు కుంపటి ముందు కూర్చున్నారు, నేను ఆ పని నేర్చుకోకుండా ఐటీలో పడ్డాను, కానీ చిన్నప్పుడు ఆ కొట్లో హోంవర్కు చేసుకుంటూ విన్న మాటలు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

మీకు 86, 89 రెండూ నిజమే అయ్యుంటాయి, ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. ఆ మిషన్ ఎక్స్-రే కొట్టి నగ పైపొరని మాత్రమే చదువుతుంది, అదీ బటాణీ గింజ కంటే చిన్న చోట. కాసుల పేరు అంటే ఏమిటి, పల్చటి కాసు, దాని నెత్తిన చిన్న రింగు, ఆ రెండింటికీ మధ్య అతుకు. అతుకు వేసే బంగారం తొందరగా కరగాలి కాబట్టి అందులో వేరే లోహం ఎక్కువ కలుపుతారు, అంటే అక్కడ టచ్ తక్కువ. నగని మిషన్‌లో ఎలా పడితే అలా పడేస్తే, ఆ చుక్క కాసు నడుమ పడితే 90 చూపిస్తుంది, అతుకు దగ్గర పడితే 80 చూపించినా ఆశ్చర్యం లేదు. కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు నగని మీ చేత్తో తిప్పి నాలుగైదు చోట్ల చదివించండి, కాసు మీద రెండు, కొక్కెం మీద ఒకటి, అతుకు దగ్గర ఒకటి. తెర మీ వైపు తిప్పమనండి. తిప్పనన్నారంటే లేచి వచ్చేయండి.

ఇక అసలు తేడా ఎక్కడ కొడుతోందంటే, కోత మూడు చోట్ల పడుతుంది: టచ్‌లో, బరువులో, రేటులో. ఒక్కొక్కటీ విడిగా వింటే న్యాయంగానే ఉంటుంది. 'తరుగు మూడేనమ్మా, రేటులో నాలుగేనమ్మా' అంటారు, మనం తలూపుతాం, మూడూ కలిసేసరికి పదమూడు పోయింది చూశారా. మీ లెక్కే తీసుకుందాం. 22 క్యారెట్ అంటే 91.6 టచ్. 86ని 91.6తో భాగిస్తే 93.9. మిషన్ చెప్పిన 86నే ఒప్పుకున్నా మీ నగ విలువ బోర్డు రేటులో 93.9 ఉండాలి. అక్కణ్ణుంచి 87 దాకా తోసింది ఆ తరుగు, ఆ రేటు.

ఆ తరుగు గురించి ఒక మాట. నగని కరిగిస్తే మురికి, చెమట జిడ్డు, అతుకులో కలిసిన చెత్త కొంత పోయి బరువు తగ్గుతుంది, అది నిజం. కానీ అవి పోయాక మిగిలిన ముద్ద టచ్ పెరుగుతుంది. కరిగించి తూచి, ఆ ముద్దని మళ్ళీ మిషన్‌లో పెట్టి లెక్క కడితే ఒక కోతే పడుతుంది. కరిగించకుండా, అతుకులతో కలిపి వచ్చిన తక్కువ టచ్ తీసుకుని, దాని మీద మళ్ళీ కరిగింపు తరుగు కూడా తీస్తే ఒకే తప్పుకి రెండుసార్లు జరిమానా వేసినట్టు. ఇది అడిగితే కౌంటర్‌లో కుర్రాడికి తెలియదు, మేనేజర్‌ని పిలవమనండి, ఆయనకి తెలుసు.

అందుకే సౌకార్‌పేట ఆయన కరిగిస్తానన్నది మీకు మంచిదే, కానీ భయపడటం కూడా తప్పు కాదు. కరిగించాక ధర నచ్చకపోతే తిరిగి తెచ్చుకునేది కాసుల పేరు కాదు, ముద్ద. కాబట్టి ముందు హాల్‌మార్కింగ్ సెంటర్‌కి, అంటే నగ టచ్ పరీక్షించి ముద్ర వేసే చోటికి, వెళ్ళండి. బీఐఎస్ (కేంద్ర ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తింపు ఉన్న సెంటర్లలో మామూలు జనం కూడా తమ నగలు పరీక్ష చేయించుకోవచ్చు, చాలామందికి ఈ సంగతే తెలియదు. నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలు, అయిదు ఆ పైన అయితే వస్తువుకి 45. సౌకార్‌పేటలో, టి.నగర్‌లో సెంటర్లు ఉన్నాయి. వాళ్ళు నగ కొనరు, కాబట్టి టచ్ తగ్గించి చెప్పే అవసరం వాళ్ళకి లేదు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని షాపుకి వెళితే మాట తీరే మారిపోతుంది. కాకపోతే ఆ కాగితం చూసి కొనాల్సిందేనని ఏ షాపునీ బలవంతం చేయలేం, బేరానికి పనికొస్తుంది అంతే.

గాజుల విషయంలో మీరు ధైర్యంగా ఉండొచ్చు. 2015 నాటివి కాబట్టి తర్వాత వచ్చిన ఆరక్షరాల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు కోడ్) ఉండదు, బీఐఎస్ గుర్తు, 916, సెంటర్ ముద్ర, షాపు ముద్ర ఉంటాయి, భూతద్దంలో చూసుకోండి. కొన్న షాపుకే పట్టుకెళ్ళండి. వాళ్ళే అమ్మిన 916ని వాళ్ళే 90 అన్నారంటే అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంటుంది. హాల్‌మార్క్ నగలో టచ్ తక్కువని తేలితే, తగ్గిన బంగారం విలువకి రెండింతలు, పరీక్ష ఖర్చు కూడా కొన్నవాళ్ళకి ఇవ్వాలని బీఐఎస్ రూల్సులోనే ఉంది. ఆ ఒక్క మాట నెమ్మదిగా అనండి చాలు.

కెంపుల నెక్లెస్ గురించి నాన్నని అడిగాను. 'రాళ్ళ నగని కంటితో తూచేవాడు దేవుడైనా అయ్యుండాలి, దొంగైనా అయ్యుండాలి' అన్నారు. 12 కావచ్చు, 9 కావచ్చు, 16 కూడా కావచ్చు, లక్క ఎంత పోశారో వెనక రేకు విప్పితే తప్ప తెలియదు. అమ్మాలని గట్టిగా అనుకుంటే మీ ముందే రాళ్ళు తీయించి, లక్క కాల్చి, అప్పుడు తూయించండి. రాళ్ళు మీవే, పొట్లం కట్టించుకుని తెచ్చుకోండి, చాలామంది అక్కడే వదిలేసి వస్తారు. కానీ నన్నడిగితే దాన్ని అసలు కదపొద్దు. దాని విలువలో చాలా భాగం పనితనమే, ఆ పనితనానికి అమ్మేటప్పుడు పైసా రాదు. ఇక్కడ సేదారం, సెయ్‌కూలి అంటారే, మన తరుగు, మజూరీ, అవి కొన్న రోజే పోయాయి.

కొత్త నగకైతే 91 అన్నారు కదా, ఆ నాలుగు రూపాయలు కొత్త నగ సేదారంలో తిరిగి లాగేస్తారు. మీకు కావలసింది డబ్బు, దాని జోలికి పోవద్దు.

అంబత్తూర్ అత్త

ఆ అబ్బాయి చెప్పినవన్నీ కరెక్ట్, నేను దెబ్బ తిన్న సంగతి చెబుతా. రెండేళ్ళ క్రితం మావారి ఆపరేషన్‌కి తొందరపడి చెయిన్ అమ్మబోయాను. షాపు పేరు చెప్పను, ఇప్పుడు చెప్పినా లాభం లేదు. ఇంట్లో బయలుదేరే ముందు మా వీధిలో తెలిసిన కొట్లో తూయించుకున్నా, 24.310. అక్కడికి వెళ్ళాక వాళ్ళ కాటాలోనూ 24.310 వచ్చింది, నాకు హాయిగా అనిపించింది. 'బాగా మట్టి పట్టిందమ్మా, కడిగి చూస్తే గానీ టచ్ సరిగ్గా రాదు' అని కుర్రాడు చెయిన్ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళాడు. కాఫీ ఇచ్చారు. ఆ కాఫీ తాగేలోగా తెచ్చాడు, తళతళలాడుతోంది, ఎంత బాగుందో అనుకున్నా కూడా! కాటా మీద పెడితే 23.4 చిల్లర. మట్టి పోయిందన్నారు. మెళ్ళో రోజూ వేసుకునే చెయిన్‌కి దాదాపు గ్రాము మట్టి ఉంటుందా? యాసిడ్‌లో ముంచితే బంగారమే కరిగి అందులో దిగిపోతుందని, ఆ యాసిడ్‌లోంచి మళ్ళీ బంగారం తీసుకుంటారని తర్వాత మా మరిది చెప్పాడు. మావారు ఆస్పత్రిలో ఉన్నారు, పోట్లాడే ఓపిక లేదు, చెయిన్ లాక్కుని బయటపడ్డాను.

కాబట్టి అమ్మాయ్, నగ నీ కళ్ళ ముందు నుంచి కదలకూడదు. కడగాలన్నా, కరిగించాలన్నా నీ ముందే. ఒక్కదానివే వెళ్ళకు, మీ ఆయన్ని తీసుకెళ్ళు, అలిగి ఉంటే బతిమాలి తీసుకెళ్ళు. కాటా మీద ఫ్యాన్ గాలి తగులుతుంటే ఆపమను, ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందో లేదో చూడు.

కమ్మల సంగతి వదిలేయ్. మా అమ్మాయివి కూడా అంతే అయ్యాయి. చిన్న చిన్న రవ్వలు చాలా ఉంటే బయట షాపువాళ్ళు రవ్వలకి లెక్కే కట్టరు, బంగారం కూడా 18 క్యారెట్టే, అంటే 75 టచ్. ఇప్పుడు ల్యాబ్‌లో పెంచిన డైమండ్లు వచ్చాక ఇంకా కష్టం. కొన్న షాపు బిల్లు వెనక బైబ్యాక్ (వాళ్ళే తిరిగి కొనడం) గురించి ఏం రాసుందో చదువు, సర్టిఫికెట్ ఉంటే తీసుకెళ్ళు, అక్కడ కాస్త నయంగా రావచ్చు.

మైలాపూర్ లెక్కలాయన

నేను చార్టర్డ్ అకౌంటెంట్‌ని, నా వంతు చెబుతాను.

మొదట ఆ జీఎస్టీ మాట. మీరు సొంత నగ అమ్ముకుంటున్నారు, వ్యాపారం చేయడం లేదు. మీ డబ్బులోంచి 3 శాతం జీఎస్టీ కోయడానికి ఏ ఆధారమూ లేదు. అలా చెప్పిన ఆఫీసుకి మళ్ళీ వెళ్ళకండి.

స్పాట్ క్యాష్ ఆశ కూడా వద్దు. ఒకే మనిషి నుంచి ఒక రోజులో రెండు లక్షలు, ఆ పైన నగదు తీసుకుంటే జరిమానా పడేది తీసుకున్నవాళ్ళకి, అంటే ఇక్కడ మీకు, షాపుకి కాదు. జరిమానా కూడా ఎంత తీసుకున్నారో అంత. సరైన వ్యాపారి అయితే పది వేలు దాటి నగదు ఇవ్వడు, ఇస్తే ఆ ఖర్చు అతని ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో చెల్లదు. బ్యాంకు ట్రాన్స్‌ఫరే అడగండి, పాన్, ఆధార్ కాపీలు పట్టుకెళ్ళండి, కొనుగోలు రసీదులో స్థూల బరువు, నికర బరువు, టచ్, రేటు విడివిడిగా రాయించుకోండి.

ఇప్పుడు పన్ను. రెండేళ్ళు దాటి ఉంచుకున్న నగ అమ్మితే వచ్చిన లాభం మీద 12.5 శాతం, సెస్ అదనం. 2024 జులై 23 నుంచి ఇదే లెక్క, ధరల పెరుగుదలకి తగ్గట్టు కొన్న ధరని పెంచి చూపించుకునే పాత ఇండెక్సేషన్ లేదు. కాసుల పేరు మీకు అమ్మ ఇచ్చారు కాబట్టి అమ్మ కొన్న తేదీ, అమ్మ పెట్టిన ధరే మీకు వర్తిస్తాయి. 1994 నాటిది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువని కొన్న ధరగా చూపించుకునే వీలుంది. అప్పట్లో పది గ్రాముల 24 క్యారెట్ నాలుగు వేల పైచిలుకే ఉండేది, అంటే మీ ఏడు సవర్లకి ఇరవై వేల చిల్లర. మిగతాదంతా లాభమే అవుతుంది, కంగారు పడకండి, మినహాయింపు ఉంది: వచ్చిన మొత్తం సొమ్ము ఇల్లు కొనడానికి పెడితే ఆ లాభం మీద పన్ను ఉండదు. అమ్మిన రోజుకి ముందు ఏడాది లోపల గానీ తర్వాత రెండేళ్ళ లోపల గానీ కొనాలి, ఆ రోజుకి మీ పేరున ఒకటి కంటే ఎక్కువ ఇళ్ళు ఉండకూడదు. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే: నగ భార్యది, ఫ్లాట్ భర్త ఒక్కడి పేరున. రిజిస్ట్రేషన్‌లో మీ పేరు ఉండేలా చూసుకోండి, నగల డబ్బు మీ ఖాతాలో పడి అక్కణ్ణుంచే బిల్డర్‌కి వెళ్ళాలి.

కమ్మల మీద వచ్చే నష్టాన్ని కాసుల పేరు లాభంలోంచి తీసేసుకోవచ్చు. దానికోసమని డెబ్భై వేలకి అమ్మమని మాత్రం చెప్పడం లేదు.

నెల్లూరు పిల్ల

పది రోజులయ్యింది, మళ్ళీ వచ్చా. అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా ఆచారి గారబ్బాయికి.

ముందు హాల్‌మార్కింగ్ సెంటర్‌కి వెళ్ళాం. కాసు మీద 90.4, అతుకు దగ్గర 81. తెర మీద ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూశాక గానీ మొదటి శనివారం ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. ఆ కాగితంతో ఉస్మాన్ రోడ్డు షాపుకి వెళితే 87 కాస్తా 90 అయ్యింది, మేనేజర్ వచ్చి కూర్చోబెట్టి కూల్‌డ్రింక్ కూడా ఇచ్చాడు. (కాఫీ కాదు అత్తా!) ఆ 90కి ఒప్పుకోకుండా సౌకార్‌పేట వెళ్ళాం. ఈసారి మా ఆయన కూడా వచ్చారు. వీధి ఇరుకు, బండి పెట్టడానికి చోటు లేక అరగంట తిరిగి ఆయన విసుక్కున్నారు గానీ వచ్చారు.

కరిగించే ముందు రెండు కాసులు తెంపించుకున్నా, మా ఇద్దరి పిల్లలకీ చెరొకటి. మిగిలింది 54.9 గ్రాములు. మూసలో వేసి మంట పెడితే ముందు అంచులు వంగాయి, కాసుల మీద లక్ష్మీదేవి బొమ్మ కాసేపు అలాగే కనబడుతూ ఉంది, తర్వాత ఒక్కసారిగా అంతా కలిసి ఎర్రటి బొట్టులా గిర్రున తిరిగింది. నేను అటు తిరిగిపోయా. మా ఆయన మాత్రం అత్త గారు చెప్పినట్టు కన్నార్పకుండా చూశారు. చల్లారాక 54.2, టచ్ 88.9. బోర్డు రేటు మీద 2 శాతం తగ్గించి లెక్క కట్టాడు. నేను ఫోన్‌లో కట్టుకుంటే మొత్తం గ్రాముకి దాదాపు 94 పడింది. మొదట విన్న 79కి, దీనికి తేడా ఏడు సవర్ల మీద ఎంతో మీరే లెక్కేసుకోండి, నేనైతే రెండుసార్లు వేసి చూసుకున్నా. సాయంత్రానికి డబ్బు నా ఖాతాలో పడింది.

గాజులు కొన్న షాపులోనే ఇచ్చేశా. మొదట 'మిషన్‌లో 90 చూపిస్తోంది మేడం' అన్నారు. ముద్ర ఉంది కదా, హాల్‌మార్కింగ్ సెంటర్‌లో చూపిద్దామా అన్నా. ఇంకో మిషన్‌లో పెట్టి 91.7 అన్నారు! గ్రాముకి 98 ఇచ్చారు. కెంపుల నెక్లెస్ బీరువాలోకి, కమ్మలు నా చెవులకి. లక్షా ఎనభై అయిదు వేల కమ్మలు రోజూ ఆఫీసుకి పెట్టుకెళ్ళి ఆ డబ్బు వసూలు చేసుకుంటా.

మైలాపూర్ సార్, అగ్రిమెంట్‌లో మా ఆయన పేరొక్కటే ఉంది, మీరు చెప్పాక బిల్డర్‌తో మాట్లాడి నా పేరు కూడా రాయిస్తున్నాం. 2001 విలువకి వాల్యుయేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలని మా ఆఫీసులో అంటున్నారు, వేళచ్చేరి, అడయార్ వైపు రిజిస్టర్డ్ వాల్యూయర్ ఎవరైనా మీకు తెలిస్తే మెసేజ్ పెట్టండి.

మైలాపూర్ లెక్కలాయన

అడయార్‌లో ఒకరున్నారు, నంబరు పంపాను. కరిగించిన రసీదు, సెంటర్ కాగితం రెండూ ఆయనకి చూపించండి, నగ ఇప్పుడు లేదు కాబట్టి ఆయన వాటి మీదే ఆధారపడాలి. కాసుల పేరు వేసుకున్న పెళ్ళి ఫోటో ఉంటే అది కూడా పట్టుకెళ్ళండి.